చింతయు పరామర్శయు



మన యిండ్ల గోడలమీద వ్రేలాడు క్యాలెండర్లలో ఏ లేఖన భాగములు తరచుగా అచ్చుపడునో మీరు గమనించియుందురు. యెహోవాను కాపరిగా చెప్పు కీర్తన యొకటి. రేపటిని గూర్చి చింతింపవలదని మన ప్రభువు కొండమీద చేసిన బోధ మరియొకటి. మత్తయి సువార్త ఆరవ అధ్యాయము చివరనున్న ఆ పది వచనములను మన సండే స్కూలు పిల్లలు తడుముకొనకుండ అప్పజెప్పుదురు. ఇంత సులువుగా నోటికి వచ్చి, ఇంత కష్టముగా మనస్సున నిలుచు మాట మరియొకటి లేదని ఇన్నేండ్ల కాపరి పనిలో నాకు తోచినది. అది ఎందుకు కష్టమో మీతో కలిసి ఆలోచింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నల్లజర్ల ప్రాంతపు మందిరములో ప్రసంగ పీఠమునొద్ద నిలిచి చూచినయెడల మూడు విధములైనవారు కనబడుదురు. ప్రక్కన కుర్చీలలో రెండు మూడు కుటుంబములు. వారికి పామాయిలు తోటలున్నవి, బోర్లున్నవి, బిడ్డలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగములు చేయుచున్నారు. క్రింద చాపలమీద కూలికి పోవువారు, కౌలుకు దున్నువారు, కువైటులో పరుల వంటయిండ్లలో పనిచేయు కుమార్తెల తల్లులు. ఇక మూడవవాడను నేను. నెల తిరుగగానే నాకు జీతము వచ్చును. సంఘము ఇచ్చిన ఇల్లున్నది. పని విరమించిన పిమ్మట కొద్దిపాటి పెన్షను కూడ ఉన్నది. ఆకాశ పక్షులను చూడుమని ఈ మువ్వురిలో ఎవరు ఎవరికి చెప్పవలెను? జీతగాడు కూలివానికి చెప్పినయెడల ఆ మాట ప్రభువు మాటగానే వినబడునా? ఇదే నా ప్రశ్న.

మన సీమను ఎరుగని చదువరుల కొరకు కొంచెము చెప్పెదను. 2022 ఏప్రిల్ నుండి నల్లజర్ల తూర్పు గోదావరి జిల్లాలోనికి వచ్చినది. అంతకుముందు పశ్చిమ గోదావరిలో నుండెను. జిల్లా మారినది గాని నేల మారలేదు. మాది మెట్ట. దిగువన తాడేపల్లిగూడెము దాటగానే గోదావరి కాలువలు, వరి చేలు. ఇంకను దిగువకు పోయినయెడల కొల్లేరు. మెట్టలో బోరు నీరును ఆకాశపు నీరునే పెద్ద దిక్కు. పామాయిలు మొక్క నాటిన మూడు నాలుగు ఏండ్లకు గాని గెల చేతికి రాదు. వచ్చిన గెల ధర మన ఊరిలో తేలదు. మలేషియా, ఇండోనేషియా దేశములలోని నూనె ధరను బట్టియు, ఢిల్లీలో వేయు దిగుమతి సుంకమును బట్టియు అది లేచుచు పడుచు నుండును. పొగాకు వేసినవాడు పుల్ల కొని, బ్యారనులో ఆకు కాల్చి, బేళ్లు కట్టి దేవరపల్లికో గోపాలపురమునకో కొయ్యలగూడెమునకో వేలమునకు తోలవలెను. ఆ ఉదయము పలికిన ధరకు అతడు తల వంచవలసినదే. 2015వ సంవత్సరమున ఆ ధర పడిపోయినప్పుడు పశ్చిమ గోదావరి, ప్రకాశము జిల్లాలలో పొగాకు రైతులు కొందరు అప్పుల బాధతో తమ ప్రాణములు తామే తీసికొనిరి. చింత మనిషిని చంపునని మాకు పుస్తకము చూచి తెలిసికొనవలసిన అక్కర లేదు.

కౌలు రైతు సంగతి అంతకంటె కష్టము. కౌలు డబ్బు ముందు కట్టవలెను, పంట తరువాత చూడవలెను. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చెను గాని, కార్డు కావలెనన్న భూమిగల ఆసామి సంతకము కావలసివచ్చెను. సంతకము పెట్టినచో భూమి పోవునేమోయని వెనుకాడినవారు అనేకులు. కార్డు లేనివానికి బ్యాంకు అప్పు పుట్టదు, కనుక వడ్డీ వ్యాపారి గుమ్మమెక్కును. ఇక స్త్రీల సంగతి మీకు తెలియనిది కాదు. పొదుపు సంఘములు అనేక కుటుంబములను నిలువబెట్టినవి, నిజమే. కాని వారము వారము వాయిదా వసూలు చేయు కంపెనీల అప్పులును మన పేటలలోనికి వచ్చినవి. 2010లో ఆ వసూళ్ల వేధింపు హద్దు మీరినందున అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెనని మీకు జ్ఞాపకముండును.

ఇట్టి చోట నేనొక ఆదివారము ఈ వాక్యమును చదివి ప్రసంగించితిని. ఆరాధన ముగిసి అందరు పోవుచుండగా ఒక తల్లి నిలిచిపోయెను. భర్త లేడు. కూలిపని. ఒక్కతే కుమార్తె, ఏలూరులో నర్సు చదువు చదువుచున్నది. ఆమె మెల్లగా ఇట్లనెను:

"అయ్యగారండీ, చింత పడకూడదని వాక్యం చెప్పారు, బాగుందండీ. మంగళవారం గ్రూపు వాయిదా కట్టాలండీ. అమ్మాయి ఫీజు కట్టాలండీ. ఈ వారం నాలుగు రోజులే పని దొరికింది. ఈ చింత నేను పడకపోతే ఇంకెవరు పడతారండీ?"

ఆ మాటలో కోపము లేదు, అవిశ్వాసమును లేదు. కానుక సంచి తనయొద్దకు వచ్చినప్పుడు ఆమె చేయి ముడుచుకొనలేదు, నేను చూచితిని. దేవుని నమ్మినది గనుకనే దేవుని మందిరములో నిలిచి అడిగినది. ఆమె నన్నడిగిన ప్రశ్న సంఘమంతటిని అడిగిన ప్రశ్న. దానిని చేతబట్టుకొని నేను మరల లేఖనములయొద్దకు వెళ్లితిని.

వేదాంత కళాశాలలో మాకు కొంత గ్రీకు భాష నేర్పిరి. దానివలన పల్లెటూరి సంఘమునకు ఏమి లాభమని మీరు అడుగవచ్చును. ఒక్కొక్కప్పుడు లాభమున్నది. చింతింపవలదని ప్రభువు చెప్పిన చోట ఉన్న మాట మెరిమ్నా అను మాటకు చెందినది. ఆశ్చర్యమేమనగా, అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన ఒక్క పత్రికలోనే ఈ మాటను రెండు విధములుగా వాడెను. నాలుగవ అధ్యాయమున దేనిని గూర్చియు చింత వలదని చెప్పెను. రెండవ అధ్యాయమున తిమోతిని మెచ్చుకొనుచు, మీ క్షేమము కొరకు ఇంత నిజముగా చింతించువాడు నాకు వేరొకడు లేడను భావముతో అదే మాట వాడెను. కొరింథీయులకు వ్రాయుచు, సంఘములన్నిటి చింత ప్రతిదినము తన మీద నున్నదని పౌలు చెప్పినదియు ఆ మాటయే. పౌలు తన బోధకు తానే విరోధముగా నడుచుకొనెనా? లేదు. మాట యొకటే, అది తిరిగిన దిక్కు వేరు.

అన్నిటికంటె ముఖ్యమైన చోటు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పండ్రెండవ అధ్యాయమున నున్నది. సంఘము ఒక శరీరమనియు, అందరు అవయవములనియు చెప్పి, ఆ అవయవములు ఒకదానికొకటి ఏమి చేయవలెనో చెప్పుచు పౌలు మరల ఈ మాటనే వాడెను. మన తెలుగు బైబిలు అనువదించినవారు అక్కడ చింత అనక పరామర్శ అని వ్రాసిరి. ఎంత చక్కని మాట! ఒక యింట దుఃఖము కలిగినప్పుడు మన ఊరివారు పరామర్శకు పోవుదురు గదా. నా కొరకు నేనొక్కడనే గదిలో తలుపు వేసికొని పడునది చింత. అదే బరువును నీ కొరకు నేను మోయునప్పుడు అది పరామర్శ. ఒక దానిని ప్రభువు వద్దనెను. రెండవ దానిని ఆయన ఆత్మ సంఘమునకు ఆజ్ఞాపించెను.

ఇప్పుడు మరల కొండమీది ప్రసంగమునకు రండి. మన తెలుగులో అక్కడ ఆజ్ఞ బహువచనములో నున్నది, గ్రీకులోను అట్లే. ప్రభువు ఒంటరిగా నున్న ఒక పేదరాలిని పట్టుకొని నీవు చింతపడకు అనలేదు. తన వెంటనున్న శిష్యులందరిని కలిపి మీరు అనెను. మరియొక సంగతి చూడుడి. ఆ బోధ అందువలన అను మాటతో ప్రారంభమగును. దేనివలన? దానికి పై వచనములలో భూమిమీద ధనము కూర్చుకొనవద్దనియు, దేవునికిని సిరికిని కలిపి దాసులుగా నుండనేరరనియు చెప్పెను. లూకా సువార్తలో ఈ బోధ పండ్రెండవ అధ్యాయమున నున్నది. అక్కడ దానికి ముందున్నది ఏ కథ? పొలము విస్తారముగా పండగా కొట్లు విప్పి అంతకంటె పెద్దవి కట్టించుకొనవలెనని తలంచి, ఆ రాత్రియే ప్రాణము విడిచిన ధనవంతుని కథ. బోధకు తరువాత ఏమున్నది? కలిగినవి అమ్మి ధర్మము చేయుమను ఆజ్ఞ. ఆ రెండు గోడల నడుమ ప్రభువు ఈ మాటను కట్టెను. మనమేమో ఆ గోడలు రెండును పడగొట్టి, నడుమనున్న మాటను మాత్రము విడదీసి క్యాలెండరుమీద అచ్చు వేసికొంటిమి. అందుచేత అది కొట్లు లేనివారికి మాత్రమే చెప్పబడినట్లు కనబడుచున్నది.

ఆ మాట చెప్పినది ఎవరు, విన్నది ఎవరు అనియు ఆలోచింపుడి. విన్నవారిలో గలిలయ జాలరులుండిరి, పన్నులు కట్టి అలసిన రైతులుండిరి, దినమునకు ఒక దేనారము కూలికి తెల్లవారుజాముననే సంతవీధిలో నిలుచువారి వంటివారుండిరి. చెప్పినవానికి తల వాల్చుకొన స్థలము లేదు. కనుక ఇది మేడమీది నుండి క్రిందికి విసిరిన మాట కాదు. వారితో కూడ దుమ్ములో నడిచినవాని మాట. నా వంటి జీతగాడు దీనిని చెప్పదలచిన ముందు కొన్ని మెట్లు దిగవలెను.

మన గోదావరి సీమలోనే ఈ వాక్యమును అక్షరాల పరీక్షించినవారు కొందరుండిరి. ఇంగ్లాండులోని ఎక్సెటర్ పట్టణమున ఆంథొని నారిస్ గ్రోవ్స్ అను దంతవైద్యుడుండెను. మంచి రాబడిగల వైద్యుడు. భూమిమీద ధనము కూర్చుకొనవద్దను ఆజ్ఞ విశ్వాసులందరు అక్షరాల చేయవలసినదేయని 1825లో ఆయన ఒక చిన్న పుస్తకము వ్రాసెను. వ్రాసి ఊరకుండక తన వృత్తిని విడిచి 1829లో బాగ్దాదునకు పోయెను. అక్కడ 1831 తెగులులో భార్యను పోగొట్టుకొనెను. ఆయన సహోదరియైన మేరీయే బ్రిస్టలు పట్టణమున అనాథాశ్రమము పెట్టిన జార్జి ముల్లర్ భార్య. ఈ గ్రోవ్స్ వెంట 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరు తమ భార్యలతో మన దేశమునకు వచ్చి, మొదట మచిలీపట్నమును, పిమ్మట నరసాపురము, పాలకొల్లు ప్రాంతములను తమ పొలముగా చేసికొనిరి. వారికి నెలజీతము పంపు మిషను సంఘము ఏదియు లేదు. గోదావరి డెల్టా మిషను అను పేరుతో నిలిచిన పని ఆ విధముగా మొదలైనది.

వారి విశ్వాసమును నేను గౌరవించుచున్నాను. అయినను వారి చరిత్రలో ఒక సంగతి మనము చూడవలెను. గ్రోవ్స్ తన కొట్టును తెరచి ఖాళీ చేసిన పిమ్మట చింతవలదను మాట చెప్పెను. అందుచేత ఆయన నోట ఆ మాట సత్యముగా మ్రోగినది. మరియొకటి: జీతము లేకున్నను వారికి ఎవరును లేకపోలేదు. సముద్రము ఆవల వారి కొరకు ప్రార్థించుచు, చేతనైనది పంపుచు కొందరు సహోదరులుండిరి. వారి చింతను పరామర్శించువారు ఉండిరి గనుక వారు చింతలేక నిలువగలిగిరి. ఆ దినములలో మన సీమ కూలివాని స్థితి యేమి? 1833 నాటి డొక్కల కరువు కళ్లముందే యుండెను. వానికి ఉత్తరము వ్రాయువారు లేరు, పంపువారు లేరు.

ఆ కాలముననే సర్ ఆర్థరు కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ప్రారంభించి 1852లో ముగించెను. ఆయన క్రైస్తవ విశ్వాసి. దేవుడు పక్షులను పోషించును గదా, నదిని దాని దారిన పోనిమ్మని ఆయన అనలేదు. నీటి లెక్క కట్టెను, రాయి మోయించెను, రేపటి కొరకు ఏర్పాటు చేసెను. రేపటికి ఏర్పాటు చేయుట చింత కాదు. చీమలయొద్దకు పోయి నేర్చుకొనుమని సామెతల గ్రంథము చెప్పుచున్నది. యోసేపు ఐగుప్తులో ఏడు సంవత్సరములు ధాన్యము నిలువచేసెను. అది దేశమంతటి ప్రజల కొరకు చేసిన నిలువ. ధనవంతుడు కట్టదలచిన కొట్టు తన ఒక్కని కొరకు. రెండును కొట్లే, భేదము తలుపు ఎవరికి తెరచుకొనుననునదే.

ఇక పక్షుల మాట. ప్రభువు చూడుమన్నాడు గనుక నేను చూడబోయితిని. ఏలూరు దాటి, కైకలూరు దగ్గర ఆటపాక అను చోట కొల్లేటి పక్షుల కేంద్రమున్నది. అక్కడ గూడబాతులు, మీరు పెలికాన్లని వినియుందురు, అటవీశాఖవారు నీటిలో నిలిపిన ఇనుప మంచెలమీద కూడ గూళ్లు పెట్టుకొని పిల్లలను సాకుచుండును. మొట్టమొదట నాకు కనబడినది వాటి పని. అవి విత్తవు, కోయవు నిజమే గాని ఖాళీగా కూర్చుండవు. ఎగిరి పోయి, వెదకి, గొంతు సంచిలో చేపను తెచ్చి పిల్ల నోటికి అందించును. దేవుడు వాటి గూటిలోనికి చేపను విసరడు; వాటికి కొల్లేరు ఇచ్చెను. సరస్సే తండ్రి వాటికి పరచిన బల్ల.

ఈ బల్లకు ఒక చరిత్ర యున్నది. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతమున గూడబాతుల స్థావరమును కనుగొన్నప్పుడు అక్కడ ఇంచుమించు 3,000 పక్షులుండెను. 1975 ప్రాంతమునకు ఆ స్థావరము లేకుండపోయెను. తరువాతి యేండ్లలో సరస్సు గట్లు కట్టబడి చేపల చెరువులుగా ముక్కలాయెను. 1999లో ప్రభుత్వము కొల్లేటిని పక్షుల అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో అది రామ్‌సార్ ఒప్పందము క్రింద ప్రపంచము గుర్తించిన చిత్తడి నేలలలో చేరెను. 2006లో ఆ చెరువుల గట్లు తెగగొట్టిరి. ఆ సమయమున పెద్ద చెరువులు గలవారే గాక, సొసైటీ చెరువును నమ్ముకొన్న పేద వడ్డి కుటుంబములును, చెరువు పనికి పోవు కూలీలును నష్టపడిరి.

దీనివలన నేను నేర్చుకొన్నది ఏమనగా, తండ్రి తన పక్షులను అందరికి చెందిన ఒక సరస్సు ద్వారా పోషించును. మనుష్యులు ఆ సరస్సును నాది, నాది అని గట్లు వేసికొన్నప్పుడు పక్షికి పస్తు వచ్చును. అప్పుడు ఆకలిగొన్న పక్షిని చూచి నీకు విశ్వాసము చాలలేదని ఎవడును అనడు. మరి పేదవానిని చూచి మనమెట్లు అనగలము? తండ్రి పెట్టిన అన్నము లోకములో తక్కువ కాలేదు. గట్లు ఎక్కువైనవి. అరణ్యములో మన్నా కురిసినప్పుడు ఎక్కువ కూర్చుకొన్నవానికి మిగులలేదు, తక్కువ కూర్చుకొన్నవానికి కొదువ కాలేదు. మరునాటికి దాచినది పురుగు పట్టెను. ఆ సంగతినే పౌలు కొరింథు సంఘమునకు జ్ఞాపకము చేసి, ఒకరి సమృద్ధి మరియొకరి అక్కరకు రావలెనని, అందరికిని సమానముగా ఉండవలెనని బోధించెను.

కాబట్టి, ప్రియులారా, ఈ వాక్యము ఒక్కొక్కరి చెవిలో ఒక్కొక్క విధముగా పలుకవలసియున్నది.

కుర్చీలమీద కూర్చున్న సహోదరులారా, మీకును చింతలున్నవని నేనెరుగుదును. గెల ధర పడును, బోరు ఎండును, విదేశములోని కుమారుని ఉద్యోగము ఊగిసలాడును. అయితే మీ చింతలో పెద్ద భాగము ఉన్నది పోవునేమోయనునది. ప్రభువు మీకు చెప్పిన మందు కొట్టు తలుపు తెరచుట. మొదట ఒక చిన్న పని చేయుడి. పనివాని కూలి ప్రొద్దు గ్రుంకకమునుపే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము ఇరువది నాలుగవ అధ్యాయము చెప్పుచున్నది. వాడు బీదవాడు, ఆ కూలి మీదనే వాని ప్రాణము పెట్టుకొనియున్నాడని కారణము కూడ అక్కడనే చెప్పబడినది. వారము చివర చూచెదమని మీరు చెప్పిన మాట ఒక గుడిసెలో ఏడు రాత్రుల చింత. మీ భూమిని కౌలుకు దున్నువానికి కాగితము మీద సంతకము పెట్టుట కూడ మీరు చేయగల ఆరాధనయే.

చాపలమీద కూర్చున్న తల్లులారా, తండ్రులారా, మీరు బిడ్డ ఫీజు కొరకు రాత్రి నిద్రలేక యుండుట అవిశ్వాసమని ఎవడైన చెప్పినయెడల నమ్మకుడి. అది ప్రేమకు వచ్చిన నొప్పి. అయినను ప్రభువు మీతో కూడ చెప్పు మాట యొకటి యున్నది. మీ అప్పు మీ విలువను తేల్చదు. లూకా సువార్తలో ఆయన పేర్కొన్నది కాకులను. ధర్మశాస్త్రము అపవిత్రములని త్రోసివేసిన పక్షులవి. వాటిని పోషించు తండ్రి, లోకము వెలివాడలో నిలిపిన మిమ్మును ఎంత అధికముగా లెక్కించును! రేపటి బరువును ఈ రాత్రియే ఎత్తుకొనవలదు. ఈ దినపు కీడు ఈ దినమునకు చాలునని ఆయన చెప్పినది మీ కష్టమును ఎరిగి చెప్పినదే. పరువు కొరకు, ఓణీల ఫంక్షను కొరకు, పెండ్లి భోజనముల కొరకు మరియొక అప్పు చేయకుడి. మీ చింతను దాచుకొనకుడి. చీకటి మరీ దట్టమై ఇక బ్రదుకెందుకను తలంపు వచ్చినయెడల ఆ రాత్రియే లేచి వచ్చి కాపరి తలుపు తట్టుడి. పెద్దల తలుపు తట్టుడి. నిద్ర చెడగొట్టితిమని అనుకొనకుడి. తలుపు తట్టువానికి లేచి రొట్టె ఇచ్చుట మన ప్రభువు చెప్పిన ఉపమానములలోనిదే గదా.

ఇక నా వంటి జీతగాండ్రకు యాకోబు పత్రిక రెండవ అధ్యాయము చాలును. వస్త్రము లేనివానిని, ఆ దినపు ఆహారము లేనివానిని చూచి, ఏమియు ఇయ్యకయే, వెచ్చగా నుండుమని, తృప్తిపొందుమని దీవించి పంపివేయుట వలన ఏమి ప్రయోజనమని ఆ భక్తుడు అడుగుచున్నాడు. చింతపడకుడని ప్రసంగించిన ఆదివారపు మరునాడు, ఎవని చింత ఎంతయో తెలిసికొనుటకు ఇల్లిల్లు తిరుగువాడే ఆ ప్రసంగమును ముగించినవాడు.

మా స్త్రీల సమాజమువారికి పిడికెడు బియ్యపు అలవాటు పూర్వమునుండి యున్నది. ఎసట్లో పోయు బియ్యములో నుండి ప్రతి పూట ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారమునాడు మందిరమునకు తెత్తురు. ఆ తల్లి ప్రశ్నను, ఆమె అనుమతితోనే, పేరు చెప్పక, నేను సమాజపు కూటములో పెట్టితిని. వారు ఎక్కువసేపు మాటలాడలేదు. ఆ బియ్యమును అమ్మిన సొమ్ములో ఒక భాగము ఇకమీదట ఎవరి యింట వాయిదా తప్పునో, ఎవరి యింట రోగమున్నదో వారికి మొదట పోవలెనని తీర్మానించిరి. కుర్చీలలోని ఒక పెద్ద లేచి, ఆ అమ్మాయి ఫీజులో ఒక భాగము తన గెలల సొమ్ములో నుండి ఇచ్చెదనని చెప్పెను. ఇద్దరు యౌవనస్థులు ఆమెతో కూడ వెళ్లి అప్పు కాగితములు చదివి, వడ్డీ ఎంతో అసలు ఎంతో లెక్క తేల్చి చెప్పిరి. ఆమె అప్పు తీరిపోలేదని నేను నిజముగా చెప్పుచున్నాను. నేటికిని ఆమె వాయిదా కట్టుచున్నది. పని దొరకని వారములు ఇంకను వచ్చుచున్నవి. పిడికెడు బియ్యము మైక్రో ఫైనాన్సును జయింపజాలదు; చట్టములును, న్యాయమైన కూలియు, న్యాయమైన ధరయు కావలెను; వాటి కొరకు మాటలాడుట కూడ సంఘపు పనియే. అయితే ఆ మంగళవారము వాయిదా కట్టునప్పుడు ఆమె ఒంటరిగా నిలువలేదు.

ఈ చింత నేను పడకపోతే ఎవరు పడుదురని ఆమె అడిగెను. ఆ ప్రశ్నకు సంఘము ఇయ్యవలసిన జవాబు ఒక్కటే: అమ్మా, మేము పడుదుము. ఈ జవాబు చెప్పగల సంఘములో మాత్రమే ప్రభువు ఆజ్ఞ బరువుగాక సువార్తగా వినబడును. పరలోకపు తండ్రికి మన అక్కరలన్నియు తెలియునని ప్రభువు చెప్పెను. ఆయనకు తెలిసినది మనకును తెలియవలెనని, తెలిసినప్పుడు చేయి చాపవలెనని ఆయన మనలను ఒక శరీరముగా కూర్చెను. మొదట ఆయన రాజ్యమును నీతిని వెదకుడనుటలో ఆ నీతి మన చేల గట్ల వరకు, కూలి ఇచ్చు పర్సు వరకు, వంటయింటి కుండ వరకు రావలసినది.

చదువరులారా, ఈ పత్రికను మూసి పెట్టిన పిమ్మట మీ వీధిలో ఒక యింటిని తలంచుకొనుడి. ఆ యింట నేడు ఏ చింత యున్నదో మీకు తెలియునా? తెలియనియెడల సాయంకాలము పోయి అడుగుడి. తెలిసినయెడల వట్టి చేతులతో పోకుడి. అనుదినాహారము మాకు దయచేయుమని మనము ప్రార్థించునప్పుడు నాకు అనక మాకు అని ప్రభువు మనకు నేర్పెను గదా. ఆ మాకు అను మాటలో ఎవరెవరు చేరుదురో చూపుమని తండ్రిని అడుగుదము. ఆయన కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.